టక్కుమంది... పేలలేదు!

పాత హామర్ తుపాకీలో పిన్ను చిన్నదే, ప్రమాదం పెద్దది

నర్సీపట్నం: గొలుగొండ మండలంలో కొండవార ఎకరంన్నర చెరకు, కాస్త జీడితోట ఉన్న పెద్ద రైతు ఆయన. పెద్ద రైతంటే వయసులో పెద్ద. తండ్రి నాటి జోడు గొట్టాల తుపాకీ ఆయన పేరు మీదకు మారింది. లైసెన్సు ఉంది, ఎప్పటికప్పుడు రెన్యువల్ చేయిస్తున్నారు. పందుల గుంపు చేలో పడితే మంచె మీద నుంచి గాల్లోకి ఒక తూటా పేల్చి తరమడం, అంతే ఆయన వాడకం.

ఒక ఏడాది కుడి గొట్టం పేలడం మానేసింది. చూస్తే పిన్ను ముక్కు విరిగింది. సైకిళ్లు బాగుచేసే కుర్రవాడు ఒక చువ్వ ముక్క కోసి, సానబట్టి అందులో దూర్చాడు. ఆ రాత్రి పేల్చితే మోత బాగానే వచ్చింది. దాంతోపాటు మంట వెనక్కు తన్నింది. కనుబొమ వెంట్రుకలు కమిలిపోయాయి, కణత మీద చర్మం కాలింది.

"కన్ను దక్కింది బాబూ, అదే పదివేలు. తూటా చెడ్డదనుకున్నాను గానీ, నా చేతులారా తెచ్చుకున్న తంటా అని తరవాత తెలిసింది" అన్నాడాయన.

అగ్గిపుల్ల కంటే కాస్త లావుగా ఉండే ఇనుప పిన్ను చేసిన పని అది. మన నర్సీపట్నం డివిజన్‌లో, ఏజెన్సీ అంచు గ్రామాల్లో ఇలాంటి పాత తుపాకులు కొన్ని ఇళ్లలో ఇంకా ఉన్నాయి. వాటిని వాడేవారు, వాడకపోయినా అటక మీద దాచినవారు ఈ నాలుగు మాటలు తెలుసుకోవాలి. ఇది లైసెన్సు ఉన్న తుపాకుల సంగతి మాత్రమే. నాటు తుపాకుల జోలికి వెళ్లడం లేదు, రైతులూ వెళ్లవద్దు.

ఏవి హామర్ తుపాకులు?

తుపాకీ వెనుక భాగంలో గొట్టానికి ఒకటి చొప్పున బయటికి కొమ్ముల్లా కనిపించే సుత్తులు ఉంటే అది హామర్ తుపాకీ. బొటనవేలితో ఆ హామర్‌ను వెనక్కు లాగి, ఆ తర్వాత మీట నొక్కాలి. తూటాను వెనుక నుంచి పెట్టే ఈ రకం తుపాకులు 1860ల నుంచి బాగా వాడుకలోకి వచ్చాయి. 1875లో బర్మింగ్‌హామ్‌లో ఆన్సన్, డీలీ అనే ఇద్దరు హామర్‌ను లోపల దాచేసిన తుపాకీకి పేటెంటు తీసుకున్నారు. అయినా హామర్ తుపాకీ చవక, మోటు వాడకానికి ఓర్చుకుంటుంది. అందుకే తర్వాత కూడా చాలా ఏళ్లు తయారవుతూనే ఉంది.

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్, బెల్జియంలోని లీజ్ పట్టణాల నుంచి ఇవి మన దేశానికి ఓడల మీద వచ్చేవి. కలకత్తాలో మాంటన్ కంపెనీ, మద్రాసులో పి.ఓర్ అండ్ సన్స్ లాంటి దుకాణాలు అమ్మేవి. జమీందార్లు, మొఖాసాదార్లు, షికారు దొరలు కొన్నవే చేతులు మారి రైతుల ఇళ్లకు చేరాయి. అంటే మన అటక మీది తుపాకీకి నూరేళ్లు దాటి ఉండవచ్చు. నూరేళ్ల నాటి నాగలికి కర్రు అరిగినట్టే దీనికి పిన్ను అరుగుతుంది.

పిన్ను చేసే పని

మీట నొక్కగానే హామర్ దూకి పిన్ను తల మీద కొడుతుంది. పిన్ను ముందుకు వెళ్లి తూటా అడుగున నడిమధ్య ఉన్న రాగి లేక ఇత్తడి టోపీని గుద్దుతుంది. టోపీలోని మందు నిప్పు అంటుకుని, ఆ మంట తూటాలోని మందును అంటిస్తుంది. పిన్ను వెనుక చుట్టు స్ప్రింగు ఉంటే అది పిన్నును మళ్లీ వెనక్కు లాగుతుంది. బాగా పాత రకాల్లో కొన్నింటికి ఈ స్ప్రింగు ఉండదు.

పిన్ను ముక్కు సూదిలా ఉండకూడదు. గుండ్రంగా, నున్నగా, పెసరగింజ కొనలా ఉండాలి. హామర్ దిగినప్పుడు అది పలక మీద నుంచి సుమారు ఒక మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరున్నర వరకు బయటికి రావాలి. తక్కువ వస్తే టోపీకి దెబ్బ చాలదు, పేలదు. ఎక్కువ వచ్చినా, ముక్కు వాడిగా ఉన్నా టోపీకి చిల్లు పడుతుంది. లోపలి వేడి గాలి ఆ చిల్లులోంచి వెనక్కు, అంటే పేల్చేవాడి ముఖం మీదికి తంతుంది. గొలుగొండ రైతుకు జరిగింది ఇదే.

పిన్ను ముందుకు వెళ్లి అక్కడే ఇరుక్కుపోవడం ఇంకో ప్రమాదం. అలా ఇరుక్కున్న పిన్ను ఉన్న తుపాకీలో తూటా పెట్టి మూస్తే, మూసే ఊపుకే టోపీకి దెబ్బ తగిలి పేలవచ్చు. మీట మీద వేలు లేకపోయినా పేలుతుంది. పక్కన పిల్లాడుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

టోపీ మీద గుంట చెప్పే కబురు

ఆకు మీద మచ్చ చూసి తెగులు ఏదో చెప్పినట్టే, పేల్చిన తూటా టోపీ మీది గుంట చూసి పిన్ను సంగతి చెప్పవచ్చు. ఖాళీ తూటాలు పారేయకుండా వెలుతురులో చూడాలి. కుడి గొట్టానివి, ఎడమ గొట్టానివి వేరువేరుగా చూడాలి.

- గుంట నడిమధ్య, గుండ్రంగా, అంచులు నున్నగా ఉంది: పిన్ను బాగుంది.
- గుంట లోతు లేదు, తూటా పేలలేదు: పిన్ను పొట్టిదయింది, లేదా స్ప్రింగు నీరసించింది, లేదా పిన్ను రంధ్రంలో మురికి, ఎండిన నూనె పేరుకుంది.
- గుంటే లేదు: పిన్ను విరిగింది, లేదా కదలకుండా పట్టేసింది.
- గుంట ఒక పక్కకు పోయింది: పిన్ను రంధ్రం అరిగి వెడల్పయింది, లేదా తుపాకీ కీలు వదులైంది. రెండోది పెద్ద జబ్బు.
- టోపీకి చిల్లు పడింది, చుట్టూ నల్లటి మసి ఉంది: పిన్ను వాడిగానో పొడవుగానో ఉంది. ఆ గొట్టం ఇక ముట్టుకోకూడదు.
- గుంట అంచున గీత లాగినట్టు ఉంది, తుపాకీ తెరవడం కష్టంగా ఉంది: పిన్ను వెనక్కు రాకుండా టోపీలో గుచ్చుకుని ఉంటోంది. బలవంతంగా తెరిస్తే ముక్కు విరుగుతుంది.

పేలకపోతే తొందరపడొద్దు

మీట నొక్కారు. టక్కుమంది. పేలలేదు. చాలామంది వెంటనే తుపాకీ విరిచి చూస్తారు. అక్కడే పొరపాటు. టోపీలో నిప్పు మెల్లగా రాజుకుని కొన్ని క్షణాలు ఆగి పేలే తూటాలు ఉంటాయి. తేమ తగిలిన పాత తూటాలకు ఈ గుణం ఎక్కువ.

గొట్టాలను మనుషులు, పశువులు, రాళ్లు లేని వైపు నేల మీదికి చూపిస్తూ అలాగే పట్టుకోవాలి. కనీసం ఒక నిమిషం ఆగాలి. అప్పుడు ముఖం పక్కకు తిప్పి, తుపాకీ వెనుక భాగానికి ఎదురుగా ఉండకుండా తెరవాలి. పేలని తూటాను మళ్లీ పెట్టి రెండోసారి ప్రయత్నించడం, కత్తితో కోసి మందు తీయడం, పొయ్యిలో వేయడం పనికిరావు. అమ్మిన దుకాణానికి ఇవ్వాలి.

సగం ఎత్తు సంగతి

హామర్ తుపాకుల్లో రెండు రకాలున్నాయి. ఒక రకంలో హామర్ దెబ్బ కొట్టగానే తనంతట తాను కాస్త వెనక్కు వచ్చి నిలబడుతుంది. ఇంగ్లండులో స్టాంటన్ అనే పనివాడు 1867లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు రకంలో హామర్ దిగిన చోటే పిన్ను మీద కూర్చుంటుంది.

ఈ రెండో రకం ఉన్నవారు తుపాకీ తెరిచే ముందు, మూసే ముందు హామర్లను సగం ఎత్తుకు లాగాలి. మొదటి టక్కు చప్పుడు వరకు లాగితే సగం ఎత్తు. హామర్ దిగి ఉండగా తూటా పెట్టి మూస్తే పిన్ను టోపీని నొక్కుతూ ఉంటుంది. సైకిలు మీద నుంచి జారిపడినా, గట్టు మీద తుపాకీ బోర్లా పడినా పేలుతుంది. మీది ఏ రకమో తెలుసుకోవడానికి, ఖాళీ తుపాకీ హామర్‌ను బొటనవేలితో పట్టుకుని మెల్లగా దించాలి. పిన్నుకు తగలకుండా కాస్త ఎడంగా నిలబడితే మొదటి రకం. సగం ఎత్తులో హామర్ నిలవక జారిపోతుంటే మాత్రం ఆ తుపాకీ వాడకూడదు.

రైతు చేసుకోగలిగిన పని

సబ్బుతో మొహం కడుక్కున్నంత తేలిక. పావుగంట చాలు. ముందు తూటాలన్నీ వేరే గదిలో పెట్టి రావాలి. తుపాకీ తెరిచి, రెండు గొట్టాలలోంచి వెలుతురు కనిపిస్తోందా చూడాలి. ఒకసారి చూశాం కదా అనుకోకుండా రెండోసారి కూడా చూడాలి. పిల్లలను దూరంగా ఉంచాలి.

1. తుపాకీ తెరిచే ఉంచి, తూటాల అడుగు ఆనే పలకను మెత్తని గుడ్డతో తుడవాలి. అక్కడి రెండు చిన్న రంధ్రాలలోంచే పిన్నులు బయటికి వస్తాయి. రంధ్రం చుట్టూ గుంటలు పడి, తిని పోయినట్టు ఉంటే గాలి వెనక్కు తన్నిన గుర్తు.

2. హామర్‌ను వెనక్కు లాగి, పిన్ను తలను వెదురు పుల్లతో వెనుక నుంచి నొక్కాలి. ముక్కు పలక మీద బయటికి వస్తుంది. గుండ్రంగా ఉందా, పెచ్చు లేచిందా, వంగిందా చూడాలి. పుల్ల తీయగానే వెనక్కు పోవాలి. స్ప్రింగు లేని రకమైతే వేలితో తోస్తే అడ్డు లేకుండా కదలాలి.

3. రెండు పిన్నులనూ పోల్చాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తుంటే మెకానిక్కుకు చూపాలి.

4. పాత టూత్‌బ్రష్‌తో మురికి దులిపి, ఒక్కొక్క పిన్ను తల దగ్గర కుట్టు మిషను నూనె ఒక చుక్క వేయాలి. నాలుగైదుసార్లు పుల్లతో నొక్కి ఆడించాలి. పైకి వచ్చిన నూనె పూర్తిగా తుడవాలి. ఒక్క చుక్కే. ఎక్కువ వేస్తే దుమ్ము పట్టి జిగురవుతుంది, కర్రలోకి ఇంకి కర్ర మెత్తబడుతుంది.

5. గొట్టాలు తుడిచి పలచగా నూనె పట్టించి, హామర్లు దించి పెట్టాలి. హామర్లను ఊరికే వదిలేయకూడదు, బొటనవేలితో పట్టి మెల్లగా దించాలి.

ఈ పని తొలకరికి ముందు ఒకసారి, వర్షాలు వెనకబట్టాక ఒకసారి, చెరకు నరుకుళ్లకు ముందు ఒకసారి చేస్తే చాలు. పేల్చినప్పుడల్లా ఆ మర్నాడే తుడవాలి. ఎన్నికలొస్తే తుపాకీ స్టేషన్లో జమ చేయాలని పోలీసులు కోరడం తెలిసిందే. 2024లో మార్చి 16 నుంచి జూన్ మొదటి వారం దాకా ఎన్నికల నియమావళి ఉంది. అన్నాళ్లు తుడవకుండా ఉంటే పిన్ను పట్టేయడం ఖాయం. జమ చేసే ముందు నూనె పట్టించి ఇవ్వాలి, తెచ్చుకున్నాక వాడే ముందు చూసుకోవాలి.

ఏ నూనె వేయాలి?

చాలామంది చేసే తప్పు ఇక్కడే. కొబ్బరి నూనె చలికి గడ్డ కడుతుంది. మన చింతపల్లి, లంబసింగి వైపు డిసెంబరు, జనవరి చలికి సీసాలో నూనె రాయిలా అవుతుంది కదా, పిన్ను రంధ్రంలోనూ అంతే. తెల్లవారుజామున టక్కుమని ఊరుకోవడానికి అది ఒక కారణం. వేరుశనగ నూనె, నువ్వుల నూనె నాళ్లు గడిస్తే బంకలా ఎండుతాయి. మోటారు తీసేసిన నల్ల ఆయిల్లో ఇనుప రజను ఉంటుంది. గ్రీజు పిన్నును నెమ్మది చేస్తుంది. పలచని మిషను నూనె, లేదా తుపాకీ దుకాణంలో అమ్మే నూనె వాడాలి.

ఇవి చేయవద్దు

- ఖాళీ తుపాకీని సరదాకు టక్కుటక్కుమనిపించవద్దు. ముందు టోపీ ఆసరా లేకపోతే దెబ్బంతా పిన్ను భుజం మీద, ముక్కు మీద పడి విరుగుతుంది. పరీక్షించాలంటే ఇందుకోసం అమ్మే డమ్మీ తూటా పెట్టాలి.
- మేకు, సైకిలు చువ్వ, డ్రిల్లు బిట్టు ముక్క పిన్నుగా పనికిరావు. మేకు, చువ్వ మెత్తన, ముక్కు చితికిపోతుంది. డ్రిల్లు బిట్టు పెళుసు, లోపలే ముక్కలవుతుంది. అసలు పిన్ను మంచి ఉక్కుతో చేసి, కాల్చి, పదును పెట్టి, మళ్లీ పదును తగ్గించినది.
- కుడి పిన్ను ఎడమకు, ఎడమది కుడికి మార్చవద్దు. పాత తుపాకుల్లో దేని కొలత దానిది.
- ముక్కును ఆకురాయితో రుద్దవద్దు. గీత పడితే అక్కడి నుంచే విరుగుతుంది.
- పిన్ను మరను స్క్రూడ్రైవరుతో తిప్పవద్దు. దానికి తగిన పనిముట్టు మెకానిక్కు దగ్గర ఉంటుంది.

పిన్ను మార్చిస్తే తుపాకీ కొత్తదైపోదని కూడా గుర్తుంచుకోవాలి. గొట్టం మీద పాము చర్మంలా, నీటి అలల్లా గీతలుంటే అది ఇనుప పట్టీలు మెలివేసి చేసిన రకం కావచ్చు. అప్పటి నల్ల మందు కోసం చేసిన గొట్టం ఇప్పటి తూటా ఒత్తిడికి ఓర్చుకోకపోవచ్చు. తూటా పొడవు కూడా చూడాలి. పాత తుపాకుల గది చాలావరకు 65 మిల్లీమీటర్లది. ఇప్పటి పెట్టెల మీద 70 అని ఉంటే, తెలిసినవాడు చూసి సరే అనేదాకా పెట్టకూడదు.

పాడైనా తుపాకీ తుపాకీయే

"పిన్ను లేదు కదా, ఇనుప ముక్కతో సమానం. లైసెన్సెందుకు?" అని కొందరంటారు. ఇది చాలా తప్పు. 1959 ఆయుధాల చట్టంలో 45వ సెక్షన్ పాతకాలపు తుపాకులకు మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. అయితే ఆ తుపాకీ మరమ్మతు చేసినా, చేయకపోయినా పేల్చడానికి వీలు లేనిదై ఉండాలి. కొత్త పిన్ను వేస్తే పేలేది ఆ మినహాయింపులోకి రాదు. నూరేళ్లదైనా, విరిగినదైనా లైసెన్సు కావాల్సిందే. లేకపోతే 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్లు.

మరమ్మతు సంగతీ అంతే. లైసెన్సు లేనివారు తుపాకీ బాగుచేయడం 5వ సెక్షన్ ప్రకారం నేరం. శిక్ష 7 ఏళ్లకు తక్కువ ఉండదు, యావజ్జీవం దాకా పోవచ్చు. చువ్వ దూర్చిన కుర్రవాడికి ఈ సంగతి తెలియదు. తెలియదంటే చట్టం ఊరుకోదు. ఊరి కమ్మరిని, వెల్డింగు షాపువాడిని ఈ ఊబిలోకి లాగవద్దు. లైసెన్సు ఉన్న తుపాకీ దుకాణం ఎక్కడుందో పోలీసు స్టేషన్లో అడిగితే చెబుతారు. తుపాకీ ఖాళీ చేసి, సంచిలో పెట్టి, లైసెన్సు పుస్తకంతో తీసుకెళ్లాలి. ఇచ్చినప్పుడు, తెచ్చుకున్నప్పుడు రసీదు తీసుకోవాలి. బస్సు ఖర్చు, కూలి కలిపి లెక్కేసినా కంటి ఆసుపత్రి ఖర్చు కంటే తక్కువే.

లైసెన్సుదారు చనిపోతే తుపాకీ ఇంట్లో ఉంచుకోకూడదు. వెంటనే స్టేషన్లో గానీ, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ జమ చేసి రసీదు తీసుకోవాలి. వారసులు తమ పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2016 నిబంధనల ప్రకారం లైసెన్సుదారు బతికుండగానే, 70 ఏళ్లు నిండాక లేదా తుపాకీ పొంది 25 ఏళ్లయ్యాక, ఏది ముందైతే అప్పుడు వారసుడి పేరుకు మార్పు కోరవచ్చు. లైసెన్సు గడువు 2019 సవరణతో 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు పెరిగింది. అక్కర్లేదనుకుంటే జమ చేసి చేతులు దులుపుకోవడమే మేలు.

పంది మీద గురిపెట్టే ముందు

లైసెన్సు ఉంటే పందిని కొట్టవచ్చనుకోవద్దు. తుపాకీ లైసెన్సు వేరు, జంతువును చంపే అనుమతి వేరు. అడవిపంది 1972 వన్యప్రాణి చట్టం పరిధిలో ఉంది. 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూలులోకి వచ్చింది. పంటకు చేటు చేస్తున్న పందిని కొట్టడానికి 11వ సెక్షన్ కింద అటవీ అధికారి రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. కేరళలో 2022లో ఈ అధికారం పంచాయతీ పెద్దలకు ఇచ్చి, లైసెన్సు తుపాకీ ఉన్నవారి చేత కొట్టించే ఏర్పాటు చేశారు. మన దగ్గర రైతు ముందుగా అటవీ రేంజి కార్యాలయానికి అర్జీ పెట్టుకోవాలి. నష్టపోయిన పంట ఫొటోలు, సర్వే నంబరు జత చేయాలి. కరెంటు తీగలు, పేలుడు ఉండలు పెట్టడం మాత్రం పందికంటే ముందు మనిషినే మింగుతుంది.

చివరగా ఒక మాట. గొలుగొండ పెద్దాయన ఇప్పుడు తుపాకీ బాగు చేయించారు. సరైన పిన్ను పడింది. అయినా మంచె మీద ఆయన చేతిలో ఎక్కువగా కనిపించేది డప్పు, టార్చిలైటే.

"అది ఉందన్న ధైర్యం చాలు బాబూ. తీస్తే మాత్రం ముందు పిన్ను చూస్తాను, తరవాతే తూటా చూస్తాను" అన్నాడు.

తుపాకీ ఉన్న ప్రతి రైతూ ఆ వరుస తప్పకూడదు.